అట్టకట్టిన ఉన్ని అల్లిక: పల్నాటి నేల నుంచి ఒక పరిశీలన

ఊలు దారాన్ని క్రోషే సూదితో కావలసిన కొలతకన్నా పెద్దగా, వదులుగా అల్లుతారు. ఆ అల్లికను వేడినీళ్లలో సబ్బుతో పిసికి, మర్దించి, చిన్నదిగా, దళసరిగా, గట్టిగా మారుస్తారు. దీన్నే ఫెల్టెడ్ క్రోషే అంటున్నారు. అల్లేటప్పుడు స్పష్టంగా కనిపించిన కుట్లు, కన్నాలు మర్దన ముగిసేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ బట్టను కత్తెరతో ఎటు కత్తిరించినా అంచు ఊడదు, పోగు జారదు. సంచులు, టోపీలు, ఇంట్లో వేసుకునే చెప్పులు, ఆసనాలు, గిన్నెల కింద వేసే మెత్తలు, బొమ్మలు దీనితో తయారవుతాయి. దారం లేకుండా ఏకిన ఉన్నిని పొరలుగా పరిచి తడిపి నొక్కే పద్ధతి వేరు, ముళ్ల సూదితో పొడిచి బొమ్మలు చేసే పద్ధతి వేరు. ఇక్కడ అల్లిక ముందు, అట్టకట్టడం తరవాత. దీన్ని వేళ్ల నైపుణ్యంగా, తీరిక వేళ చేసే అలంకార పనిగా చూడటం అలవాటైంది. కానీ ఈ పని ఫలితాన్ని ప్రధానంగా నిర్ణయించేది పీచు, తరవాత నీళ్లు, ఆ తరవాతే చెయ్యి. పల్నాడులోని నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో ఇది తాతల నాటి వృత్తి కాదు. ఇక్కడ దీన్ని నిలబెట్టాలనుకుంటే ముందు అడగవలసిన ప్రశ్న ఎవరు అల్లగలరని కాదు, ఏ ఉన్నితో అల్లాలని. ఈ వ్యాసం ఆ ప్రశ్నను పట్టుకుని సాగుతుంది.

ఉన్ని అట్టకట్టడానికి మూలం దాని పోచ నిర్మాణంలో ఉంది. పోచ కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడింది. మన జుట్టు, గోళ్లు, పశువుల కొమ్ములు కూడా దానితో ఏర్పడినవే. పోచ ఒంటి నిండా సూక్ష్మమైన పొలుసులు ఒకదాని మీద ఒకటి కప్పుకుని, కొనవైపుకు తిరిగి ఉంటాయి. అందుకే మొదలు నుంచి కొనకు రాస్తే నున్నగా జారుతుంది, కొన నుంచి మొదలుకు రాస్తే గరుకుగా అడ్డుపడుతుంది. ఈ తేడా వల్ల పోచను ఎటు కదిపినా అది మొదలు వైపుకే జరుగుతూ పోతుంది గాని వెనక్కి రాదు. తడి, వేడి కలిసి పోచను మెత్తబరిచి సాగేటట్టు చేస్తాయి, సబ్బు జారుడునిస్తుంది, మర్దన కదలికనిస్తుంది. అలా జరిగిన పోచలు పక్కవాటిని చుట్టుకుని, మళ్లీ విడదీయలేనంతగా బిగుసుకుంటాయి. వేడినీళ్లే ఉన్నిని కుంచింపజేస్తాయని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. ఊలు స్వెట్టరును వేడినీళ్లలో కదపకుండా నానబెట్టి తీస్తే పెద్ద మార్పేమీ రాదు. అవే నీళ్లలో వాషింగ్ మెషీన్‌లో అరగంట తిప్పితే పెద్దవాళ్ల స్వెట్టరు పిల్లలకు సరిపోయేంత అవుతుంది. వేడినీళ్లలోంచి చన్నీళ్లలోకి మార్చి మార్చి ముంచడం గురించి కూడా ఎంతో చెబుతారు. పని చేసిపెట్టేది మాత్రం రుద్దుడే.

ఈ నిర్మాణం తెలిస్తే ఏ దారం పనికిరాదో కూడా తెలుస్తుంది. పల్నాడు పత్తి నేల. నల్లరేగడిలో పత్తి, మిరప ఇక్కడి రైతు బతుకును నడిపే పంటలు. చిలకలూరిపేట, గణపవరం చుట్టూ నూలు మిల్లులు వెలిశాయి. దూదిని వింటితో ఏకి పరుపులు కుట్టిన దూదేకుల కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ ఉన్నాయి. పీచును ఎరిగిన చేతులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. కానీ పత్తి పీచు సెల్యులోజు. అది మెలికలు తిరిగిన నాడాలా ఉంటుంది, దానికి పొలుసులుండవు. పత్తి అల్లికను ఎంత ఉడికించినా, ఎంత మర్దించినా కొంచెం ముడుచుకుంటుందే తప్ప అట్టకట్టదు. బజారులో ఊలు పేరుతో అమ్మే రంగురంగుల ఉండల్లో చాలావరకు యాక్రిలిక్. అది ఒక రకం ప్లాస్టిక్కు, దానికీ ఈ గుణం లేదు. అసలు ఉన్నిలో కూడా, మెషీన్‌లో ఉతికినా కుంచించుకుపోకుండా పొలుసులను క్లోరిన్‌తో అరగదీసి, పైన రెసిన్ పూత పూసిన రకాన్ని సూపర్‌వాష్ అంటారు. ఈ పనికి అదీ పనికిరాదు. కొనేముందు చిన్న పోగును కాల్చి చూడటం ఉన్నిని మిగతా పీచుల నుంచి వేరుచేసే సులువైన పరీక్ష. ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తూ, మంట తీయగానే ఆరిపోయి, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పత్తి కాగితం కాలిన వాసన వేస్తుంది.

అయితే ఉన్ని ఎక్కడిది? 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. తెలంగాణలో సుమారు 1.90 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు ఉన్నాయి. అయినా ఉన్ని ఉత్పత్తిలో దేశానికి ముందున్నది రాజస్థాన్. కోస్తా గొర్రె ఉన్ని గొర్రె కాకపోవడమే ఇందుకు ముఖ్యకారణం. పల్నాటి మందల్లో కనిపించే నెల్లూరు జాతిలో పల్లా, జోడిపి, దొర అనే మూడు రకాలున్నాయి. మన దేశపు గొర్రెల్లో ఎత్తయిన ఈ జాతి ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే ఉంటుంది. మాచర్ల పేరే పెట్టుకున్న గొర్రె కూడా ఉంది. తెల్లని ఒంటిమీద పెద్ద నల్లని, గోధుమరంగు మచ్చలతో ఉండే ఈ జాతికి జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తింపు ఉంది. అదీ మాంసానికి పెంచే వెంట్రుక గొర్రే. ఇది ఈ నేల లోపమని అనుకోనక్కరలేదు. ఎండాకాలం నిప్పులు చెరిగే చోట ఒత్తయిన ఉన్ని మోసే గొర్రె బతకడం కష్టం. కాపరులు తరతరాలుగా వేడిని ఓర్చేవాటిని, బరువు తూగేవాటిని ఎంచుకుని మందను నిలుపుకున్నారు. ఆ ఎంపిక తెలివైనదే. కాకపోతే దాని పర్యవసానంగా, పల్నాడులో ఉన్ని అల్లిక చేయాలంటే ఉన్ని బయటి నుంచి రాక తప్పదు.

ఆ బయట ఎంతో దూరంలో లేదు. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ దాటితే నల్గొండ, ఆపైన పడమటికి పోతే పాలమూరు, మెదక్ మెట్టనేలలు. అవి దక్కనీ గొర్రె తిరిగే సీమ. దాని ఉన్ని నల్లగా, ముతకగా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఆ ఉన్నిని వింటితో ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద వడికితే, పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద గొంగడి నేసేవాళ్లు కురుమలు. రాయలసీమలో, ముఖ్యంగా అనంతపురం పడమటి భాగాల్లో కురుబలు ఇదే పని చేశారు. వానకు గొడుగుగా, చలికి దుప్పటిగా, పడుకోడానికి పరుపుగా కాపరి భుజాన ఉండే గొంగడి, ప్రజాగాయకుడు గద్దర్ వేదికల మీద అదే భుజాన వేసుకుని పాడాక, తెలంగాణ ప్రజాగానానికే గుర్తయింది. ఇంత చరిత్ర ఉన్న ఉన్నికి ఇప్పుడు కొనుగోలుదారు కరవు. మాంసం ధర పెరిగేకొద్దీ దక్కనీ మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు చేరాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చినవాటిలోనూ నెల్లూరు జాతివి పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కత్తిరించిన ఉన్నిని ఎక్కడ అమ్మాలో తెలియక పారేస్తున్న కాపరులు దక్కనులో చాలాచోట్ల ఉన్నారు. కృష్ణకు ఒక ఒడ్డున చేతులున్నాయి, మరో ఒడ్డున ఉన్ని వృథా అవుతోంది. పల్నాటి అల్లిక ఆధారపడవలసింది ఈ నల్ల ఉన్ని మీదే గాని, ఓడల్లో వచ్చే మెరినో మీద కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దీనికి మొదటి అభ్యంతరం చేతిపని తెలిసినవాళ్ల నుంచే వస్తుంది. ముతక ఉన్ని సరిగా అట్టకట్టదు కదా అంటారు. ఆ మాటలో నిజముంది. పీచు ఎంత సన్నమైతే అంత త్వరగా, అంత బిగువుగా అట్టకడుతుంది. మెరినో పీచు సాధారణంగా 24 మైక్రాన్ల లోపే ఉంటుంది కాబట్టే దుకాణాల్లో నేర్పేవాళ్లంతా దాన్నే సిఫారసు చేస్తారు. దక్కనీ ఉన్నిలో లోపల బోలుగా ఉండే ముతక వెంట్రుకలు ఎక్కువ, అవి నెమ్మదిగా కదులుతాయి. కానీ నెమ్మదిగా అట్టకట్టడం వేరు, అట్టకట్టకపోవడం వేరు. మహారాష్ట్ర దక్కను ప్రాంతంలో నేయకుండా, ఉన్నిని తడిపి నొక్కి చేసే జేన్ అనే పరుపు ఈ తరహా ముతక ఉన్నితోనే తయారైంది. అసలు చిక్కు ఉన్నిలో కన్నా దారంలో ఉంది. గొంగడి నేతకు వడికిన దారానికి మగ్గం మీద లాగుడు తట్టుకోడానికి గట్టి పురి పెడతారు. పురి బిగిసిన దారంలో పోచలు కదలడానికి చోటుండదు. అల్లికకు ఆ లాగుడు లేదు కాబట్టి పురి తగ్గించి, మెత్తగా, లావుగా వడకవచ్చు, గంజి పట్టించే అవసరమూ ఉండదు. మార్పు జరగవలసింది రాట్నం దగ్గర. అప్పటికీ బిగువు చాలకపోతే దక్కనీ పోగుతో కలిపి ఒక సన్న ఉన్ని పోగును జంటగా పట్టుకుని అల్లవచ్చు. సన్న పోగు ముందుగా కుంచించుకుని ముతక పోగును తనలో బిగిస్తుంది. పైగా చేసేది మెడకు చుట్టుకునే శాలువా కానప్పుడు ముతకదనం తప్పు కానేకాదు. చెప్పు అడుగుకు, సంచికి, ఆసనానికి కావలసింది ఆ మొండితనమే.

అల్లిన వస్తువును తరవాత అట్టకట్టించడం అనేది కొత్త సరదా కాదని కూడా ఇక్కడ చెప్పాలి. ఉన్నిని నొక్కి చేసిన ఫెల్ట్ ఎంత పాతదో సైబీరియాలో ఆల్టాయ్ కొండల పజిరిక్ సమాధులు చూపాయి. క్రీస్తుకు పూర్వపు శతాబ్దాలనాటి ఫెల్ట్ తెరలు, బొమ్మలు అక్కడి మంచులో చెడకుండా దొరికాయి. అల్లి అట్టకట్టించడానికి చక్కని ఉదాహరణ ట్యునీషియా షషియా టోపీ. 1609 నుంచి స్పెయిన్ వెళ్లగొట్టిన మోరిస్కోలు (క్రైస్తవంలోకి మార్చిన ముస్లింల సంతతి) ట్యునిస్ చేరి ఆ పరిశ్రమను పెంచారు. స్త్రీలు ఇళ్లలో తలకు పట్టేదానికన్నా బాగా పెద్దగా, తెల్లని ఉన్నితో టోపీ అల్లుతారు. మెజెర్దా నది ఒడ్డున ఎల్ బతాన్‌లో దాన్ని నీళ్లలో దంచి అట్టకట్టిస్తారు. తరవాత ముళ్లకాయలతో దువ్వి నూగు తేల్చి, ఎర్రరంగు అద్ది, అచ్చుమీద వేసి ఆకారం తెస్తారు. ఇంగ్లండులో ఇలాంటి అల్లిక టోపీల పరిశ్రమ ఎంత పెద్దదంటే, దాన్ని కాపాడటానికి 1571లో ఒక చట్టమే చేశారు. ఆరేళ్లు దాటిన మామూలు జనం ఆదివారాలు, సెలవుదినాల్లో దేశంలో చేసిన ఉన్ని టోపీ పెట్టుకోవాలన్నది ఆ చట్టం. 1597లో అది రద్దయింది. ఈ టోపీలు రెండు, అంతకన్నా ఎక్కువ సూదులతో చేసే నిట్టింగ్ అల్లికలు. ఒంటి సూది క్రోషే వయసులో వీటికన్నా చాలా చిన్నది. దాని నమూనాలు అచ్చులో కనిపించడం 1823లో పెనెలోపే అనే డచ్చి పత్రికతో మొదలైందని చెబుతారు. రెండు సూదుల పని నుంచి ఒంటి సూదికి మారినప్పుడు లాభించింది ఆకారం. క్రోషేలో గుండ్రంగా, బుట్టలా, చుట్టలా ఎటు కావాలంటే అటు అల్లుకుపోవచ్చు, ముక్కలు కలిపి కుట్టే పని తగ్గుతుంది.

క్రోషే మనది కాదు, దాన్ని పల్నాడులో నాటడం కృతకం కాదా అనే ప్రశ్న కూడా వస్తుంది. తెలుగునాట క్రోషేకు నూట ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. 1844 ప్రాంతంలో స్కాట్లాండు మిషనరీ దంపతులు గోదావరి తీరంలో నేర్పారని చెప్పే లేసు అల్లిక నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో వేల ఇళ్లకు పాకింది. నర్సాపురం పక్కన రుస్తుంబాదలో దీనికోసం లేసు పార్కు ఏర్పడింది, 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే నర్సాపురం దారం నూలు, అక్కడి అందమంతా కన్నాల్లో, పలచదనంలో ఉంది. ఇక్కడ మాట్లాడుకుంటున్న పని ఆ కన్నాలను పూడ్చేస్తుంది. అందుకే నర్సాపురానికి ఇది పోటీ కాదు. పల్నాడు విషయానికొస్తే, ఈ సీమ పేరు చెప్పగానే గుర్తొచ్చే మిరపకాయ కూడా అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసుల వెంట మన దేశం చేరినదే. నేలకు, నీళ్లకు, వాడుకకు ఒదిగితే పరాయి పంట సొంతమవుతుంది, పరాయి పని కూడా అంతే. ఈ పనికి తోడు కాగల చేతులూ ఇక్కడ ఉన్నాయి. వెల్దుర్తి, బొల్లాపల్లి తండాల్లో అద్దాలు, గవ్వలు, రంగుదారాలతో కుట్టే లంబాడీ స్త్రీలున్నారు. దళసరి ఫెల్ట్ మీద అద్దాల కుట్టు వేస్తే బట్ట ముడత పడదు, కుట్టు లాగదు. రెండు పనుల కలయికకు ఇంతకన్నా అనువైన చోటు తేలిగ్గా దొరకదు.

పనితీరుకు వస్తే, అల్లికలో మొదటి నియమం వదులు. దారానికి మామూలుగా వాడే సూదికన్నా రెండు మూడు సైజులు లావు సూది తీసుకోవాలి. క్రోషే కుట్టు రెండు సూదుల అల్లిక కన్నా దళసరి. ప్రతి కుట్టు దగ్గర దారం ముడిపడ్డట్టే ఉంటుంది కాబట్టి బిగువుగా అల్లితే పోచలు కదలవు, బట్ట కుంచించుకోకుండా పైపైన నూగు మాత్రమే లేస్తుంది. సింగిల్ క్రోషే వేస్తే నున్నని, గట్టి బట్ట వస్తుంది. డబుల్ క్రోషే త్వరగా సాగుతుంది గాని, కుట్ల మధ్య సందులు పెద్దవి కాబట్టి మర్దన తరవాత కూడా కన్నాలు మిగలవచ్చు. సంచులకూ చెప్పులకూ సింగిల్ క్రోషేనే నయం. రెండో నియమం నమూనా. వాడబోయే దారంతో, సూదితో, కుట్టుతో కనీసం 20 సెంటీమీటర్ల చదరం అల్లి, కొలిచి రాసుకుని, అట్టకట్టించి, ఆరిన తరవాత మళ్లీ కొలవాలి. అడ్డం ఒక లెక్కన, నిలువు ఇంకో లెక్కన తగ్గుతాయి కాబట్టి రెంటినీ విడిగా చూడాలి. ఉదాహరణకు నిలువు 20 నుంచి 15కు వచ్చిందనుకుందాం. 24 సెంటీమీటర్ల నిలువు ఉన్న చెప్పు కావాలంటే 32 సెంటీమీటర్లు అల్లాలి. రంగు మారితే కూడా లెక్క మారవచ్చు. అద్దకంలో పడిన వేడికి, రసాయనాలకు ఒకే గొర్రె ఉన్ని కూడా వేరుగా ప్రవర్తిస్తుంది. నమూనా వేయడం వృథా శ్రమ అనుకుని నేరుగా వస్తువు అల్లేవాళ్లు చాలామంది. ఒక చెప్పు పెద్దది, ఒక చెప్పు చిన్నది కావడం అక్కడే మొదలవుతుంది.

తరవాతిది నీళ్ల సంగతి, పల్నాడులో ఇది ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. ఈ సీమ కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు దాని మీదే నడుస్తున్నాయి. ఆ రాతిలోంచి వచ్చే బోరు నీళ్లు చాలాచోట్ల కఠినం. కఠిన జలంలో మామూలు సబ్బు నురగ కట్టదు. నీళ్లలోని సున్నంతో కలిసి తెల్లని తెట్టులా మారి ఉన్ని పోచలకు అంటుకుంటుంది. అట్టకట్టిన బట్టలోంచి ఆ తెట్టును వదిలించడం దాదాపు అసాధ్యం, ఆరాక బట్ట జిగటగా, మురికిగా కనిపిస్తుంది. దీనికి రెండు పరిష్కారాలున్నాయి. ఒకటి, సాగర్ కాలువ నీళ్లో, పట్టిన వాన నీళ్లో వాడటం. రెండోది కుంకుడుకాయ. దాని నురగ సపోనిన్ల వల్ల వచ్చేది, కఠిన జలంలో సబ్బులా తెట్టు కట్టదు. సబ్బుకున్న క్షారగుణం కుంకుడు రసానికి లేనందువల్ల అట్టకట్టడం కొంచెం ఆలస్యమవుతుంది గాని పోచ పాడవదు. నూలు బట్టలకు అలవాటైన చాకలి సోడాను మాత్రం దగ్గరికి రానీయకూడదు. వేడి సోడా నీళ్లు కెరాటిన్‌ను తినేసి ఉన్నిని పెళుసు చేస్తాయి. చెయ్యి ఓర్చగలిగిన వేడి చాలు. చారల చెక్కమీదో, గరుకు బండమీదో, ముందు నెమ్మదిగా, అంచులు అంటుకున్నాక బలంగా రుద్దాలి, మధ్యమధ్య తీసి చూసుకోవాలి. అట్టకట్టడం వెనక్కి మళ్లని పని. తక్కువైతే మళ్లీ మర్దించవచ్చు, ఎక్కువైతే చేయగలిగిందేమీ లేదు. చివరగా సబ్బు పోయేదాకా జాడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్లు లాగి, అచ్చుమీద వేసి నీడలో ఆరబెట్టాలి. ఆరినప్పుడు ఏ ఆకారంలో ఉంటే అదే నిలుస్తుంది.

ఎండలమాట రాగానే పేరు వినిపించే రెంటచింతల ఉన్న సీమలో ఉన్ని వస్తువు ఎవరికి కావాలన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఉన్ని అనగానే స్వెట్టరు, మఫ్లరు గుర్తురావడం వల్ల ఈ అభ్యంతరానికి బలం వచ్చింది. ఉన్ని వేడిని పుట్టించదు, వేడి రాకపోకలను ఆపుతుంది. ఆపడం ఎండాకాలంలో కూడా పనికొచ్చే గుణమే. బ్రిటిషు కాలపు సైన్యంలో నీళ్ల సీసాలకు ఫెల్ట్ తొడుగు ఉండేది. దాన్ని తడిపితే, ఆ తడి ఆవిరయ్యేకొద్దీ లోపలి నీళ్లు చల్లబడేవి. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. మిరప కోతకు, పత్తి తీతకు పొద్దున్నే పోయేవాళ్ల సీసాకు అలాంటి తొడుగు క్రోషేలో గుండ్రంగా అల్లి అట్టకట్టిస్తే కుట్టే అవసరమే ఉండదు. ఉన్ని త్వరగా అంటుకోదు, ప్లాస్టిక్కులా కరిగి చేతికి అంటుకోదు. కాబట్టి పొయ్యి మీది గిన్నె దించడానికి మసిగుడ్డ స్థానంలో పనికొస్తుంది. కడవ కింద కుదురు, నెత్తిన బరువు మోసేటప్పుడు పెట్టుకునే చుట్ట ఎప్పటి నుంచో గుండ్రని ఆకారాలే, క్రోషేకు సహజమైనవి. గుర్రపు జీను కింద ఫెల్ట్ మెత్త వేయడం ప్రపంచమంతటా ఉన్న వాడుక. ఒంగోలు గిత్తలను ప్రాణంగా చూసుకునే, బండలాగుడు పోటీలకు ఊళ్లకు ఊళ్లు కదిలే పల్నాడులో కాడి కింద ఎద్దు మెడకు అలాంటి మెత్త ఒరిపిడి తగ్గిస్తుంది. గొంగడితో రైతులకు పాదరక్షలు చేసిన హైదరాబాదు సంస్థ ఎర్తెన్ ట్యూన్స్, దక్కనీ ఉన్ని వేడి సీమలో కాలికి కూడా సరిపోతుందని చూపింది. ఈ వస్తువుల జాబితాలో మెడకు చుట్టుకునేది ఒక్కటీ లేదని గమనించాలి.

ఉన్ని వస్తువుకు నిజమైన శత్రువు ఎండ కన్నా పురుగు. బట్టలు తినే చిమ్మెట పురుగు కెరాటిన్‌ను జీర్ణించుకోగల అరుదైన జీవుల్లో ఒకటి. చెమట, నూనె అంటిన చోట ముందు కొరుకుతుంది. మడిచి చీకట్లో పెట్టకుండా వాడుతూ ఉండటం, అప్పుడప్పుడు ఎండలో పరిచి దులపడం, ఎండిన వేపాకు మధ్యన వేయడం ఇంటింటికీ తెలిసిన జాగ్రత్తలు. ఉతికేటప్పుడు చన్నీళ్లు, కుంకుడు రసం వాడి, రుద్దకుండా ముంచి తీస్తే వస్తువు ఇంకా చిన్నది కాకుండా ఉంటుంది.

మిగిలింది కూలి ప్రశ్న. యంత్రంతో సూదులు పొడిచి చేసే పాలియెస్టర్ ఫెల్ట్ గజాల లెక్కన చవగ్గా దొరుకుతుంటే చేత్తో చేసినదాన్ని ఎవరు కొంటారని అడుగుతారు. యంత్రపు ఫెల్ట్ చదునుగా వస్తుంది. దాన్ని సంచి చేయాలంటే కత్తిరించాలి, కుట్టాలి, అంటించాలి. అల్లి అట్టకట్టించినది అతుకులేని ఆకారంగానే పుడుతుంది. పోటీ ఆ ఆకారంలోనే సాధ్యం, ధరలో కాదు. అయితే మంచి వస్తువు మంచి ధరకు అమ్ముడైనా ఆ డబ్బు అల్లినవాళ్లకు చేరుతుందన్న హామీ లేదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పుస్తకంలో దీన్నే వివరంగా చూపారు. విదేశీ మార్కెట్టు కోసం రోజంతా అల్లే స్త్రీలను ఇంటిపట్టున తీరికగా కూచున్న గృహిణులుగానే లెక్కగట్టారు, కూలి ముక్కల లెక్కన అడుగంటింది, లాభం వ్యాపారుల దగ్గర నిలిచింది. ట్యునీషియా టోపీలో కూడా ఇంట్లో అల్లేది స్త్రీలు, అద్దకం, ముగింపు, అమ్మకం ట్యునిస్ బజారు మాస్టర్ల చేతుల్లో ఉన్నాయి. ఈ రెండు చోట్లా అల్లిక ఇళ్లలో చెదిరిపోయింది, వస్తువుకు తుది రూపమిచ్చే దశ, అమ్మే దశ ఇంకొకరి చేతిలో పడ్డాయి. ఫెల్ట్ అల్లికకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. తుదిదశకు మిల్లు అక్కరలేదు. తొట్టి, గరుకు చెక్క, వేడినీళ్లు, అచ్చులు చాలు. పల్నాటి ఊళ్లలో ఉన్న డ్వాక్రా సంఘాలు ఈ పనిలోకి దిగితే అల్లిక ఇళ్లలో చేసినా మర్దన ఒకచోట కలిసి చేయాలి. కొలత అక్కడే నిర్ణయమవుతుంది కాబట్టి ధర మీద మాట కూడా అక్కడివాళ్లదే అవుతుంది. కూలిని ముక్కకు కాక గంటకు లెక్కగట్టాలి, ఎందుకంటే నమూనా అల్లడం, కొలవడం, అట్టకట్టించడం కూడా పనే, ముక్కల లెక్కలో అవి కనిపించవు. ఉన్ని కొనుగోలు ఏడాదికి రెండు కత్తిరింపుల వేళ నేరుగా సాగర్ అవతలి కాపరుల దగ్గర జరగాలి. మెత్తని పురి కావాలని వడికేవాళ్లకు ముందే చెప్పి, వాళ్ల కూలిని ధరలో కలపాలి. అల్లిన కొలత, ఆరిన కొలత, వాడిన దారం, సూది, నీళ్లు రాసి పెట్టిన నమూనాల పుస్తకం సంఘం బీరువాలోనే ఉండాలి. ఆర్డరు ఇచ్చే వ్యాపారి రేపు మారినా, అదే చెప్పును అదే కొలతలో మళ్లీ చేయడానికి కావలసిన వివరమంతా అందులో ఉంటుంది.